ఏ దేశపు జాబితాలో ఏ బూజు?



ఈ పూట నేను ఎరువుల మోతాదు గురించి గాని, పురుగుమందుల గురించి గాని చెప్పబోవడము లేదు. కొన్ని జాబితాల గురించి చెప్పదలచినాను. జాబితా అనగానే అందులో మన పేరు ఉన్నదా, లేదా అని వెదకుకోవడము మనకు అలవాటు. ఈ జాబితాలలో మనుష్యుల పేర్లు ఉండవు. బూజుల పేర్లుంటాయి. శాస్త్రజ్ఞులు వాటిని శిలీంధ్రములు అంటారు. వరిలో అగ్గి తెగులు, జొన్నలో కాటుక తెగులు, వేరుశనగలో తుప్పు తెగులు, సజ్జలో తేనెబంక తెగులు, ఇవన్నీ ఆ జాతి చేసే పనులే. "ఫలానా బూజు మా దేశంలోకి రాకూడదు" అని ప్రతి దేశమూ ఒక జాబితా వ్రాసి పెట్టుకొన్నది. ఆ జాబితాలోని తెగులు అంటిన సరుకును ఓడరేవులోనే నిలిపివేస్తారు. ఇట్లా నిలిపి పరీక్షించే పద్ధతికే క్వారంటైను అని పేరు.

"మాకెందుకండీ ఈ గొడవ? మేము ఓడలెక్కేది లేదు, విమానాలెక్కేది లేదు" అని మీరు అనవచ్చును. మీరు ఎక్కకపోయినా మీ బంగినపల్లి మామిడి ఎక్కుతున్నది. 2020లో తాడిపత్రి నుండి అరటిపండ్లతో ప్రత్యేక రైలు ముంబాయి ఓడరేవుకు వెళ్ళింది. ప్రకాశం, నెల్లూరు పొగాకు ఓడలమీద పోతున్నది. ఇక వచ్చే వైపు చూడండి. ఆయిల్‌పామ్ మొలకలు కోస్టారికా నుండి, థాయిలాండు నుండి వస్తున్నవి. ఇంట్లో పిల్లలు పై దేశాలలో చదువుకొంటున్నారు, వస్తూ పోతూ ఉన్నారు. కనుక ఈ జాబితాలు మన గట్టు దాకా వచ్చినట్లే.

మొదట ఇవి ఎందుకు పుట్టినవో కొంచెము చెప్పుతాను. 1869లో సింహళములో కాఫీ తోటలకు ఒక తుప్పు తెగులు పట్టింది. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపించేది, తరువాత ఆకులు రాలిపోయేవి. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సింహళము కాఫీ దేశము కాస్తా తేయాకు దేశమైపోయింది. ఆ బూజు కొద్ది కాలములోనే మన మైసూరు, కూర్గు తోటలలోకి కూడ వచ్చింది. అదే బూజు బ్రెజిలు దేశము చేరటానికి 1970 దాకా పట్టింది. అనగా సుమారు నూరు సంవత్సరములు. మధ్యలో ఉన్న సముద్రము ఆ నూరేళ్ళూ వాళ్ళను కాపాడింది. ఇటువంటి అనుభవముల వల్లనే మన దేశములో 1914లో విధ్వంసక కీటకముల, చీడల చట్టము వచ్చింది. 1951లో దేశాలన్నీ కలసి రోములో ఒక అంతర్జాతీయ ఒడంబడిక చేసుకొన్నవి. ఇప్పుడు మనకు నడుస్తున్నది 2003 నాటి మొక్కల క్వారంటైను ఉత్తర్వు. 2004 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. అప్పటినుండి అనేక మార్లు సవరించబడింది.

ఆ ఒడంబడిక ప్రకారము జాబితాకెక్కే తెగులుకు రెండు లక్షణములుండాలి. ఒకటి, అది వస్తే పంటకు, వ్యాపారానికి గట్టి నష్టము కలగాలి. రెండు, అది ఆ దేశములో ఇంకా లేకుండా ఉండాలి, లేదా ఏదో ఒక మూల మాత్రమే ఉండి దానిని ప్రభుత్వము అదుపు చేస్తూ ఉండాలి. ఊరంతా ఉన్న దొంగను ఊరిలోకి రావద్దు అంటే ఏమి లాభము?

ఇప్పుడు నాలుగైదు దేశాల జాబితాలు ప్రక్క ప్రక్కన పెట్టుకొని చూద్దాము. ఆశ్చర్యమేమిటంటే, ఇవి ఒకే రకము కాగితములు కావు. యూరపు దేశాల జాబితా తెగులును పట్టుకొని నడుస్తుంది. బూజులు ఒకచోట, పురుగులు ఒకచోట, నులిపురుగులు ఒకచోట వ్రాసి, అందులో మళ్ళీ "మా దగ్గర అసలు లేనివి" అని ఒక భాగము, "మా దగ్గర అక్కడక్కడ ఉన్నవి" అని ఒక భాగము చేసినారు. మన ఉత్తర్వు పంటను పట్టుకొని నడుస్తుంది. కోకో అని చూస్తే, ఏ దేశము నుండి తేకూడదు, ఏ దేశము నుండి ఏ షరతులతో తేవచ్చు, ఆ సరుకుకు ఏ తెగులు లేదని అక్కడి అధికారి వ్రాసి ఇవ్వాలి, అన్నీ ఆ పంట ఎదుట ఉంటవి. మన ఉత్తర్వులో ఎక్కడా పేరులేని సరుకును ఊరికే తెచ్చుకోవడానికి వీలు లేదు. ముందు దానివల్ల ఏ ముప్పు వస్తుందో శాస్త్రీయముగా విచారణ జరగాలి, తరువాతనే అనుమతి.

ఈ తేడా చిన్నది కాదు. ఒక ఇంటి యజమాని "ఫలానా ఫలానా వాళ్ళు లోపలికి రాకూడదు" అని పేర్లు వ్రాసి తలుపుకు అంటించినాడనుకోండి. ఇంకొక యజమాని "నేను పిలిచిన వాళ్ళే రావాలి" అన్నాడనుకోండి. మొదటి ఇంట్లో, పేరు తెలియని దొంగ దర్జాగా లోపలికి పోతాడు. బూజులలో పేరు తెలియనివే ఎక్కువ. ఎన్నో తెగుళ్ళు తమ స్వస్థలములో సాధువులుగా ఉండి, క్రొత్త దేశములో క్రొత్త పంట దొరికిన తరువాతనే బయటపడినవి. అందుచేత నావరకు రెండవ యజమాని పద్ధతే మేలనిపిస్తుంది. కాకపోతే ఆ పద్ధతిలో అనుమతికి ఆలస్యమవుతుంది, దానికి రైతులు, నర్సరీవారు విసుగుకొంటారు. ఆ విసుగు న్యాయమే.

ఇక ఒక్కొక్క బూజును చూద్దాము. గోధుమకు కర్నాల్ కాటుక అని ఒక తెగులున్నది. మన దేశములోనే, కర్నాలులో దొరికింది. దానిని 1931లో లోకానికి తెలియజేసినవారు మిత్రా అనే మన శాస్త్రజ్ఞులు. గింజలో కొంత భాగము నల్ల పొడిగా మారి చేపల వాసన కొడుతుంది. దిగుబడిలో పోయేది సాధారణముగా స్వల్పమే. అయినా అమెరికావారి జాబితాలో ఉన్నది, యూరపు జాబితాలో ఉన్నది, ఆస్ట్రేలియావారికి దాని పేరు చెబితే నిద్ర పట్టదు. మన జాబితాలో మాత్రము దానిని రావద్దనడములో అర్థము లేదు, మనదే గనుక. 1996 మార్చిలో అది అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో కనబడింది. వెంటనే ఆ ప్రాంతపు గోధుమను కదలనీయక కట్టడి చేసినారు. ఎందుకు? పంట పోతుందని కాదు, కొనే దేశాలు కొనడము మానివేస్తాయని. 2004లో ఇంకొక విచిత్రము జరిగింది. ఆస్ట్రేలియా నుండి వచ్చిన గోధుమ ఓడలను, కర్నాల్ కాటుక ఉన్నదని పాకిస్తాన్ త్రిప్పివేసింది. మా దేశములో అసలు ఆ తెగులే లేదని ఆస్ట్రేలియావారు మొత్తుకొన్నారు. పాకిస్తాన్‌లో మాత్రము ఆ తెగులు ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే!

అనగా జాబితాలో పేరు ఉండడానికి బూజు చేసే నష్టము ఒక కారణమైతే, బేరము ఇంకొక కారణము. 2016లో ఈజిప్టు దేశము గోధుమలో తేనెబంక తెగులు గింజ ఒక్కటి కూడ ఉండరాదన్నది. అమ్మేవాళ్ళు ముందుకు రాలేదు. ప్రపంచములో అందరికంటె ఎక్కువ గోధుమ కొనే దేశము అది. రొట్టెకు కటకట వచ్చేలా ఉంటే, కొద్ది వారాలలోనే నూటికి 0.05 వంతు వరకు ఉండవచ్చునని మళ్ళీ పాత మాటకే వచ్చింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడే దీనికి ఒక నియమము పెట్టినారు. జాబితాకు శాస్త్రాధారము ఉండాలి, తెగులు పేరు చెప్పి వ్యాపారానికి అడ్డుకట్ట వేయరాదు అని. నియమము ఉన్నంత మాత్రాన తగవులు ఆగలేదు. నిమ్మజాతి పండ్లకు వచ్చే నల్లమచ్చ తెగులు సంగతే చూడండి. పండు తొక్కమీద మచ్చలు వస్తాయి, లోపల రుచికి లోపము లేదు. యూరపువారు 2019లో అన్నిటికంటె ముఖ్యమైన చీడలు అని ఇరవై పేర్లు ప్రకటించినారు. ఆ ఇరవైలో పురుగులే ఎక్కువ. బూజు ఒక్కటంటే ఒక్కటే. అది ఈ నల్లమచ్చ బూజు. మా బత్తాయి తోటలకు, నిమ్మ తోటలకు ముప్పు అని వారి వాదన. పండు ద్వారా అది తోటలకు ప్రాకదు, పైగా మీ శీతోష్ణస్థితిలో అది నిలవదు అని దక్షిణాఫ్రికా రైతుల వాదన. 2024లో ఆ తగవు ప్రపంచ వాణిజ్య సంస్థ ముందుకు పోయింది. మన నల్లగొండ బత్తాయి రైతు, అనంతపురం చీనీ రైతు ఈ సంగతి చెవిన వేసుకొనడము మంచిది.

చూశారా, ఇప్పుడే బత్తాయి అన్నాను, చీనీ అన్నాను. పండు ఒకటే, పేర్లు రెండు. నల్లగొండ సంతకు పోయి చీనీ కాయలు కావాలంటే వింతగా చూస్తారు. బూజుల విషయములోను ఇదే చిక్కు. అది ఇంకా పెద్ద చిక్కు. పూర్వము ఒకే బూజుకు రెండు శాస్త్రీయ నామములు పెట్టడము చెల్లేది. ఆడ మగ కలిసే దశలో ఒక పేరు, ఊరికే పొడిగా రాలే దశలో ఒక పేరు. 2011లో మెల్‌బోర్నులో జరిగిన మహాసభలో వృక్షశాస్త్రజ్ఞులు కూర్చుండి, ఇకమీదట ఒక బూజుకు ఒకే పేరు అని తీర్మానించినారు. మంచిదే. కాని అంతకు ముందు వ్రాసిన జాబితాలో గిగ్నార్డియా సిట్రికార్పా అని ఉంటుంది, ఆ తరువాత వ్రాసిన జాబితాలో ఫిల్లోస్టిక్టా సిట్రికార్పా అని ఉంటుంది. రెండూ పైన చెప్పిన నల్లమచ్చ బూజే. రబ్బరుకు దక్షిణ అమెరికాలో వచ్చే ఆకుమాడు తెగులు బూజుకు ఒక చోట మైక్రోసైక్లస్ అని, ఒక చోట సూడోసెర్కోస్పోరా అని పేరు. ఈ సంగతి తెలియక రెండు జాబితాలు పోల్చి, "వాళ్ళకు ఉన్నది, మనకు లేదు" అని లెక్క వేస్తే లెక్క తప్పుతుంది. ఆలుగడ్డకు వచ్చే కుళ్ళు తెగులును మనమందరము బూజు అనే చదువుకొన్నాము. ఇప్పుడు అది నిజమైన బూజు జాతి కాదు, నీటి నాచుల దగ్గరి చుట్టము అని తేల్చినారు. యూరపువారు తెలివిగా, తమ జాబితాలో రెండింటికీ కలిపి ఒకే శీర్షిక పెట్టినారు. చేలో కుళ్ళిన గడ్డకు ఈ తేడాతో పని లేదు గదా!

పేరుతో ఇంకొక చిక్కున్నది. ఇది మనకు ప్రాణము మీది చిక్కు గనుక కొంచెము నిదానముగా చెప్పుతాను.

వరి అగ్గి తెగులు మీ అందరికీ తెలిసినదే. 1985లో బ్రెజిలులో అదే బూజులోని ఒక తెగ గోధుమను పట్టింది. 2016లో అది బంగ్లాదేశములో కనబడింది. సరిహద్దు దాటి రాకుండా పశ్చిమ బెంగాలులో సరిహద్దు వెంబడి గోధుమ సాగునే మాన్పించవలసి వచ్చింది. ఇప్పుడు చెప్పండి. జాబితాలో ఉత్త "అగ్గి తెగులు బూజు" అని వ్రాస్తే ఏమి ప్రయోజనము? ఆ పేరు గల బూజు మన ప్రతి వరి మడిలోను ఉన్నది. ఏ తెగ అన్నది కూడ వ్రాయాలి. పరీక్షలో ఆ తెగను వేరుచేసి పట్టగలగాలి.

అరటిలో కూడ ఇదే కథ. మన కోస్తాలో అమృతపాణి వేసిన పాత రైతును అడగండి, పనామా తెగులు సంగతి చెప్పుతాడు. ముందు ముదురాకుల అంచులు పసుపు పచ్చబడతాయి. తరువాత ఆకు కాడ దగ్గర విరిగి బోదె చుట్టూ వ్రేలాడుతుంది. బోదెను అడ్డముగా కోస్తే లోపల ఎర్రగోధుమ రంగు చారలుంటాయి. మన్నులో ఉండే బూజు వేరుగుండా పోయి నీటి నాళములను మూసివేస్తుంది. ఇది అమృతపాణిని చంపింది గాని, పొట్టి కావెండిషు జాతులను, అంటే మీరు జీ-నైన్ అనే గ్రాండ్ నైన్ వంటి వాటిని ముట్టలేదు. అందుకే ఇప్పుడు కడప, అనంతపురం జిల్లాలలో ఎక్కడ చూచినా గ్రాండ్ నైనే. ప్రపంచమంతటా అదే జరిగింది. ఇదివరకు అమ్మిన గ్రోస్ మిషెల్ అనే జాతి ఈ తెగులుతోనే పోయి, దాని స్థానములో కావెండిషు వచ్చింది.

అయితే ఆ బూజులోనే నాలుగవ తెగ ఒకటి బయలుదేరింది. ఉష్ణమండల నాలుగవ తెగ అని పేరు. అది గ్రాండ్ నైనును కూడ చంపుతుంది. 1997లో ఆస్ట్రేలియా ఉత్తర భాగములో, 2015లో అక్కడి క్వీన్స్‌లాండులో, 2019లో కొలంబియాలో కనిపించింది. కొలంబియా ప్రభుత్వము దేశమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మన దేశములో బీహారులోని కటిహారు, పూర్నియా ప్రాంతములలో దొరికింది. తరువాత ఉత్తరప్రదేశ్‌లో, గుజరాతులో కూడ దొరికింది. ఒకసారి మన్నులో పడితే దశాబ్దాల తరబడి ఆ మన్ను అరటికి పనికిరాదు. చల్లి చంపగల మందు లేదు.

ఇక్కడ నా మాట కొంచెము కటువుగా ఉంటే మన్నించండి. దేశానికి దేశానికి మధ్య ఇన్ని జాబితాలు పెట్టుకొన్నాము గాని, జిల్లాకు జిల్లాకు మధ్య పిలకల లారీని ఆపి చూచేవాడు లేడు. చట్టములో దానికి చోటు లేకపోలేదు. 1953లో డార్జిలింగు కొండలలో ఆలుగడ్డకు పులిపిరి తెగులు కనిపించినప్పుడు, అక్కడి గడ్డ బయటికి పోరాదని 1959లోనే ఉత్తర్వు చేసినారు. అరటిలోనే పొట్టితల వైరస్ తెగులుకు కొన్ని రాష్ట్రాలనుండి పిలకల రవాణా నిషేధించినారు. కాగితము ఉన్నది. దారిలో మనిషి లేడు. కనుక ఆ మనిషి మీరే కావాలి. పొరుగు రాష్ట్రము నుండి పిలకలు చౌకగా వచ్చినవని ఎవరైనా లారీతో దింపితే కొనకండి. పరీక్షించి ధృవపత్రము ఇచ్చిన టిష్యూకల్చరు మొక్కలే వేయండి. అవి వేసినా, తెగులున్న ప్రాంతములో తిరిగిన ట్రాక్టరు గొర్రును, పారలను, చెప్పులకంటిన మన్నును కడిగించనిది తోటలో అడుగు పెట్టనీయకండి. గెలలు కోసే కూలీల ముఠాలు, వ్యాపారుల లారీలు ఊరూరు తిరుగుతవి, ఈ మాట వారికీ వర్తిస్తుంది. వారికి కోపము వస్తే రానివ్వండి. గేటు దగ్గర ఒక తొట్టిలో నీళ్ళు, ఒక కుంచె పెట్టడానికి ఖర్చెంత?

ఇక మామిడి. అమెరికావారు మన మామిడిని 2007లో మళ్ళీ రానిచ్చినారు. పండు లోపలి పురుగుకు 400 గ్రేల మోతాదున కిరణ ప్రసారము చేయాలన్నారు. ఈ సంగతి చాలామంది విన్నారు. కాని ఆ షరతులలో రెండు బూజుల పేర్లు కూడ ఉన్నవి, అది వినినవారు తక్కువ. సైటోస్ఫేరా మాంజిఫెరే ఒకటి, మాక్రోఫోమా మాంజిఫెరే ఒకటి. ఇక్కడ మన తోటలో ఆకు మీదనో, తొడిమ దగ్గరనో మచ్చగా ఉంటే మనము పట్టించుకోము. వారి దేశములో అవి లేవు, కనుక వారికి భయము. ఆ కిరణము మోతాదు పురుగుకు చాలునుగాని బూజుకు చాలదు. కనుక మొదటి బూజుకు వేరే మార్గములు చెప్పినారు. కోసిన తరువాత కాయను బూజుమందు కలిపిన నీటిలో ముంచడము ఒకటి. కోతకు ముందే తోటను పరీక్షించి ఆ బూజు లేదని తేల్చడము ఒకటి. పెరిగే కాలములో బూజుమందు చల్లి ఆ పైన పరీక్ష చేయించడము ఒకటి. అటు తరువాత సరుకును ఉభయ దేశాల అధికారులు చూచి, పై రెండు బూజులూ లేవని తేలితేనే పంపించినారు.

ఎగుమతికి తోట ఇవ్వదలచినవారు మందు చల్లిన ప్రతిసారీ తేదీ, మందు పేరు, మోతాదు ఒక పుస్తకములో వ్రాసిపెట్టండి. కొనేవాడు మేలో వచ్చి అడిగితే, జనవరిలో ఏమి చల్లినామో తలగోక్కుంటే లాభము లేదు. చెట్టు మీద ఎండిపోయిన పుల్లలు కత్తిరించి కాల్చివేయడము మందు కంటె ముందు చేయవలసిన పని. బూజు సంవత్సరమంతా కాపురముండేది ఆ పుల్లలలోనే.

పొగాకు రైతులకు ఒక మాట. నీలిబూజు అనే తెగులు 1958లో ఇంగ్లండులో పరిశోధనశాలనుండి తప్పించుకొన్నదని చెప్పుతారు. నాలుగేళ్ళలో యూరపు అంతా చుట్టి ఆఫ్రికా ఉత్తర తీరము చేరింది. పొగాకు కొనే దేశములు ఈ బూజు లేదన్న వ్రాత అడుగుతవి. నారుమడిలో ఆకు అడుగున నీలి బూడిద రంగు నూగు ఎప్పుడైనా కనిపిస్తే దాచిపెట్టకుండా వెంటనే తెలియజేయాలి. దాచితే అది ఆ ఒక్క రైతుకు పోయే నష్టము కాదు.

ఇప్పుడు కోకో దగ్గరకు వస్తాను. మన దేశములో కోకో పంటలో ఆంధ్రప్రదేశే ముందున్నది. గోదావరి జిల్లాలలో కొబ్బరి నీడన, ఆయిల్‌పామ్ నీడన పెంచుతున్నారు. కోకోకు దక్షిణ అమెరికాలో రెండు మహమ్మారులున్నవి. ఒకటి మంత్రగత్తె చీపురు తెగులు. కొమ్మ చివర చిగుళ్ళు గుంపుగా పుట్టి చీపురు కట్టవలె అయి ఎండిపోతుంది, కాయ గట్టిపడి పనికిరాదు. రెండవది మంచుకాయ తెగులు. కాయ పైన తెల్లని పిండి చల్లినట్లు బూజు వస్తుంది. ఆ పిండి గాలికి లేచి పోతుంది, నెలల తరబడి చావదు. చీపురు తెగులు 1989లో బ్రెజిలులోని బహియా రాష్ట్రములో కనిపించింది. అది కోకోకు పెట్టిన పేరు. పది పన్నెండేళ్ళలో దేశపు పంట సగానికి మించి పడిపోయింది. గింజలను ఓడలకెత్తి ఇతరులకు అమ్మిన దేశము, తానే కొనుక్కోవలసి వచ్చింది. తోట పనివాళ్ళు ఊళ్ళు విడిచి పట్నాలకు పోయినారు. మంచుకాయ తెగులు కోస్టారికాలో 1978లో, మెక్సికోలో 2005లో, జమైకాలో 2016లో, బ్రెజిలులో 2021లో కనిపించింది. ఈ రెండూ ఇంకా మన దగ్గరకు రాలేదు.

మంచి కోకో రకములు పుట్టింది మాత్రము ఆ దేశాలలోనే. మరి తెచ్చుకొనడమెట్లా? దానికొక చక్కని ఉపాయము చేసినారు. ఆ మొక్కలు నేరుగా మనకు రావు. ముందు ఇంగ్లండులోని రెడింగు విశ్వవిద్యాలయమునకు పోతవి. అక్కడ 1985 నుండి కోకో క్వారంటైను కేంద్రము నడుస్తున్నది. చలిదేశము కనుక చుట్టుప్రక్కల కోకో చెట్టు ఒక్కటి లేదు. అద్దాల ఇంట్లో ఏదైనా బూజు బయటపడినా, అది పట్టుకొనడానికి బయట చెట్టు లేదు. అక్కడ కనిపెట్టి చూచి, శుభ్రమని తేలిన తరువాత కొమ్మలు కర్ణాటకలోని విట్టల్ పరిశోధన కేంద్రము వంటి చోట్లకు వస్తవి. ఇంత శ్రమ ఎందుకని మీరనవచ్చు.

నాతో ఒక పెద్దరైతు అన్నమాట చెప్పుతాను. "ఏమండీ, మా మనవడు ఆ దేశమే పోతున్నాడండీ. కాయ ఇంతలావుంటుందట. రెండు పుల్లలు సంచిలో పెట్టుకొస్తే పోయేదేముందండీ? అంటు కట్టుకుంటాను. ఎవరు చూస్తారండీ?" అన్నాడు. "బాబాయిగారూ, చూచేవాళ్ళు లేకపోవచ్చు. ఆ పుల్లలో బూజు కూడ మీ కంటికి కనపడదు. మీ తోట నాలుగు ఎకరాలు. మీ గాలి వాటున పంగిడిగూడెం దాకా కోకోయే ఉన్నది. అంతమందికి మీరు ఏమని జవాబు చెప్పుకొంటారు?" అన్నాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే ఆ విట్టల్ రకాలు ఎట్లా తెప్పించాలో చెప్పండి" అన్నాడు. ఆ పని మాత్రము చేసి పెట్టినాను.

అట్లాగే కాఫీ. అరకు కాఫీకి ఇప్పుడు పేరు వచ్చింది. ఆఫ్రికాలో కాఫీ కాయను పచ్చిగానే నల్లగా కుళ్ళబెట్టే తెగులు ఒకటున్నది. 1922లో కెన్యాలో వ్రాసిపెట్టినారు. ఈనాటికీ అది ఆ ఖండము దాటలేదు. వంద సంవత్సరములు ఒక బూజును ఒక ఖండములో ఆపగలిగినారంటే, ఈ కాగితముల పని వృథా కాదనే కదా.

జాబితాలో లేనిదంతా మంచిదనుకొనకండి. వేరుశనగలో ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లటాక్సిన్ అనే విషము పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో ఆ విషమున్న వేరుశనగ పిండి తిని లక్ష సీమకోళ్ళు చచ్చినప్పుడు అది బయటపడింది. దాని పేరు ఏ క్వారంటైను జాబితాలోను వెదకవద్దు. అన్ని దేశాలలోను ఉన్న బూజు అది, క్రొత్తగా రావలసిన పని లేదు. దానికి ఆహార పరీక్షల లెక్క వేరే ఉన్నది. కాయను తడి లేకుండా ఎండబెట్టి నిలువ చేయడము ఒక్కటే దానికి అడ్డు. ఈ విషయము మీద ఇంకొకసారి విడిగా మాట్లాడుకొందాము.

చివరగా అడిగేవారి సౌకర్యము కొరకు రెండు మూడు సంగతులు. విత్తనము గాని, అంటు గాని, దుంప గాని, పిలక గాని విదేశము నుండి తేవాలంటే ముందుగా అనుమతి పత్రము కావాలి, అక్కడి ప్రభుత్వ అధికారి ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధృవపత్రము కావాలి. సంచిలో పెట్టుకొని రావడము కుదరదు. విశాఖపట్నము ఓడరేవులోను, హైదరాబాదు విమానాశ్రయములోను క్వారంటైను అధికారులున్నారు. పరిశోధన కొరకు వచ్చే విత్తనములను హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రము పరీక్షిస్తుంది, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ విత్తనములు కూడ ఆ చేతులమీదుగానే పోతవి. మీరు పంట పంపేటప్పుడు కూడ ధృవపత్రము కావాలి, అది ఇచ్చే అధికారము గల ఉద్యోగి ఎవరో మీ జిల్లా వ్యవసాయ కార్యాలయములో చెప్పుతారు. కొనే దేశపు జాబితాను కొనేవానినే ముందు అడిగి తీసుకొని, కోతకు మూడు నెలల ముందు ఆ కాగితముతో కార్యాలయమునకు రండి. కోత కోసి లారీ ఎక్కించిన తరువాత వస్తే మేము చేయగలిగినది తక్కువ.

అరటిలో పైన చెప్పిన లక్షణములు గ్రాండ్ నైను చెట్టులో కనిపిస్తే ఆ చెట్టును పెరకవద్దు, నరకవద్దు, బోదె ముక్క పట్టుకొని కార్యాలయమునకు రావద్దు. మన్ను ఊరంతా పడుతుంది. చుట్టూ త్రాడు కట్టి, నీరు ప్రక్క మడికి పారకుండా ఆపి, మనిషి చేత కబురు చేయండి. మేమే వస్తాము.